లేబరు సారు బూడిద డబ్బీ

పోయిన వారం పేపరు జిల్లా పేజీలో, బోరుబావుల ప్రకటనకూ తప్పిపోయిన గేదె ప్రకటనకూ నడుమ, మూడు వరుసల్లో ఒక చావు కబురు వేశారు. ఎమ్మిగనూరుకు చెందిన విశ్రాంత గుమాస్తా వయోభారంతో మృతి, అని. పక్కన తపాలా బిళ్లంత ఫోటో. అద్దాలు తుడుచుకుని చూస్తే, మా లేబరు సారు.

గుమాస్తా అట!

అప్పటికప్పుడు పేపరువాళ్లకు ఉత్తరం రాశాను. “అయ్యా, ఆయన గుమాస్తా కాదు, లేబరు ఆఫీసరు. ఢిల్లీ ఆపినా ఆగని యుద్ధాన్ని మా ఆదోనిలో ఆపిన మనిషి” అని. వేయలేదు. ఫోను చేశాను. అవతల ఎవరో అమ్మాయి, “సంతాపం అయితే ప్రకటనల సెక్షనులో ఇవ్వండి అంకుల్, సవరణలు మేం చూడం” అంది. తప్పు రాసేది మీరు, సవరించడానికి ప్రకటన నేనివ్వాలా? ఆ ముక్క అనేలోపు పెట్టేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు మాత్రం రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆయనకు గిట్టేది కాదు. “పేరు సెప్తే కులం అడుగుతారు, కులం సెప్తే నన్ను యా పక్కకో కట్టేస్తారు. లేబరోన్ని అనుకోండప్పా, సాలు” అనేవాడు.

అప్పట్లో నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు కట్టే పనిలో ఉండేవాణ్ని. బడి చదువు మూడో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా బజ్జీలు కట్టిచ్చే కాగితాల మీద చదువుకున్నాను. అందుకే నాకు చాలా విషయాల్లో మొదలు తెలుసు, నడుమ తెలుసు, చివర మాత్రం నూనె మరక. అయినా మిల్లు ఎదుటి టీ అంగట్లో రోజూ పొద్దున పేపరు పైకి చదివి వినిపించేవాణ్ని కాబట్టి నన్ను అందరూ ‘పేపరప్పా’ అని పిలిచేవాళ్లు.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. సమ్మెలు వద్దు, ఉత్పత్తి పెంచండి అని ప్రభుత్వం పిలుపిచ్చింది. ఆ వార్త పైకి చదివిన పాపం నాదే. మిల్లు సావుకారు గేటు దగ్గర నిలబడి విన్నాడు. తెల్లారేసరికి మిల్లు కిటికీలకు నల్లరంగు పూయించాడు. సాయంత్రం పని విడిచేందుకు ఐదున్నరకు కూయాల్సిన మిల్లు కూతను ఆరున్నరకు జరిపాడు. ఆ గంట కూలి లేని పని, జవాన్ల కోసం. మా ఆదోని మీద బాంబు వేయాలంటే పాకిస్తాను విమానం ఎక్కడ దిగి పెట్రోలు పోయించుకోవాలో ఎవరమూ ఆలోచించలేదు. పత్తి ఏరే ఆడవాళ్లే ముందు సరే అన్నారు. వాళ్లలో గట్టి గొంతు ఖాసింబీది. “మంచులో నిలబడుకొని ఉండారు బిడ్డలు. దుప్పట్లకు పత్తి కావొద్దా అన్నా?” అంది. నేనూ చప్పట్లు కొట్టాను.

రెండు వారాలు కూడా నిండకుండా యుద్ధం అయిపోయింది. మిల్లులో మిఠాయి పంచారు. సావుకారూ తిన్నాడు, నోరు కూడా తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం కూత మాత్రం ఆరున్నరకే కూసింది. ఆ పత్తికాలమంతా ఆరున్నరకే. మరుసటి ఏడు మళ్లీ పత్తి వచ్చింది, మళ్లీ ఆరున్నరే. ఢాకాలో తుపాకులు దించేసి ఏడాది గడిచింది కానీ, మా మిల్లులో ఇంకా యుద్ధం జరుగుతూనే ఉంది.

గంటే కదా అనుకోవద్దు. ఆదోని నీళ్ల సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మిల్లు వెనక పేటలో వీధి కొళాయికి సాయంత్రం ఆరింటికి నీళ్లు వదిలి, అరగంటకు కట్టేసేవాళ్లు. సరిగ్గా జవాన్ల గంటలోనే. పైగా అది కరువు ఏడు, బావులు కూడా అడుగంటాయి. మిల్లు నుంచి ఆడవాళ్లు పరుగున పోయేసరికి కొళాయి కింద తడినేల మాత్రం కనిపించేది. పక్కింటివాళ్లు మాత్రం ఎన్నాళ్లని పట్టి పెడతారు?

ఒక రోజు ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో వచ్చి మిల్లు గేటుకు అడ్డంగా కూచున్నారు. కోరిక ఒక్కటే, పాత కూత. అర్జీ రాసే భారం నా మీద వేశారు. పదకొండు పేజీలు రాశాను. ఫ్రెంచి విప్లవంతో మొదలుపెట్టాను. కొళాయి సంగతి పదో పేజీలో వచ్చింది.

ఆ అర్జీకే ప్రభుత్వం రాజీ కుదర్చమని లేబరు సారును పంపింది.

కర్నూలు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. సన్నటి మనిషి, గుడ్డసంచి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట తెగిన నూలుపోగులు వేలాడుతున్నాయి. పెన్ను ఎప్పుడూ ఎదుటివాళ్లనే అడిగేవాడు. “మీ పెన్నుతో రాస్తే మీరు ఒప్పుకున్నట్లే కదప్పా” అనేవాడు. వచ్చీ రాగానే నా అర్జీ మొత్తం చదివాడు. ఆయన కంటే ముందు దాన్ని ఎవరూ మొత్తం చదవలేదు, తర్వాత కూడా చదవలేదు. చదివి, “పేపరప్పా, శానా బాగుండాది. నీళ్ల సంగతి యాడుండాదో రవంత సూపిస్తావా?” అన్నాడు.

చర్చలకు సావుకారు తన గదిలో ఏర్పాట్లు చేయించాడు. తనకు మెత్తటి కుర్చీ, సారుకు చెక్క కుర్చీ, మాకు చాప. సారు గుమ్మంలోనే ఆగి తలకాయ అడ్డంగా ఊపాడు. “ఎత్తుపల్లాల్లో కుచ్చుంటే మాటలు గూడా పల్లానికే పార్తాయి సావుకారూ. రాండి, టీ తాగుదాం” అని టీ అంగడికి దారితీశాడు.

ఆ అంగటి బల్ల గురించి చెప్పాలి. పొడుగాటి పలక. దాని కాళ్లు రెండూ నడుమకు దగ్గరగా బిగించి ఉండేవి, చేసిన వడ్రంగి ఏ ఆలోచనలో ఉన్నాడో. ఒక కొసన ఉన్నవాడు లేస్తే రెండో కొసన ఉన్నవాడు నేలను ముద్దు పెట్టుకోవాల్సిందే. ఆదోనిలో ఇంకే బల్లా లేనట్టు సారు దాన్నే ఎంచుకున్నాడు. ఒక కొసన సావుకారును కూచోబెట్టాడు. సావుకారు భారీ మనిషి, అందుకని రెండో కొసన ఖాసింబీనీ నన్నూ కలిపి కూచోబెట్టాడు. తాను మధ్యలో, తక్కెడ ముల్లులాగా.

“ఇట్ల కూలోళ్ల పక్కన కుచ్చోబెడితే యట్ల సారూ?” అని సావుకారు గొణిగాడు.

“పక్కన యాడ సావుకారూ? నడుమ సర్కారుండాది” అన్నాడు సారు తన రొమ్ము తట్టుకుని.

మొదటి రోజే సావుకారు కోపంతో దిబ్బున లేచాడు. ఖాసింబీ, నేను, రెండు టీ గ్లాసులు, ఆమె ఒళ్లోని ఖాళీ బిందె, అందరం రోడ్డు మీద ఉన్నాం. బిందె దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. సారు మాత్రం కదలకుండా, “సూసినారా సావుకారూ? మీరు లేస్తే వీండ్లు పడ్తారు. వీండ్లు లేస్తే మీరు పడ్తారు. అందురూ రవంత కుచ్చోండి” అన్నాడు. మేం అరుచుకుంటున్నంత సేపూ జేబులోంచి పోగులు తీసి, ఒకదానికొకటి అతుకుతూ కూచునేవాడు.

ఆయన పుట్టింది ఎమ్మిగనూరులో మగ్గం ఇంట్లో. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోతే కొత్త పడుగును దానికి పోగు పోగుగా అతకాలి. ముడి వేయరు, ముడి వేస్తే అది ముందుకు పోక మగ్గంలో తట్టుకుంటుంది. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలనూ కలిపి మెలి తిప్పుతారు. ఆ బూడిద కోసమే ఆయన దగ్గర ఒక చిన్న ఇత్తడి డబ్బీ ఉండేది. ఉద్యోగం వచ్చినా వేళ్లకు ఆ అలవాటు పోలేదు. “ముడెయ్యొద్దు, మెలి తిప్పల్ల” అన్నది ఆయన మాట. సావుకారుతోనూ అనేవాడు, నాతోనూ అనేవాడు. టీ అంగటాయన చక్కెర తగ్గించినప్పుడు ఆయనతో కూడా అన్నాడు.

ఇక సావుకారు వాదన వినండి. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

“యుద్ధానికని పెట్టిన ఎమర్జెన్సీ ఎత్తేసినారా సారూ?”

“ఎత్తేయల్యా సావుకారూ.”

“ఢిల్లీవోళ్లే యుద్ధం అయిపోయిందనుకోల్యా. అనుకునేకి నేనెవర్ని?”

అది నిజమే. ఆ తర్వాత వచ్చిన ఎమర్జెన్సీ సంగతి వేరు. ఈ యుద్ధపు ఎమర్జెన్సీని ఎవరూ ఎత్తేయలేదు. గూట్లో పెట్టి మరిచిపోయినట్టు ఏళ్ల తరబడి అట్లే ఉంచేశారు. నేను కోపంతో ఊగిపోయాను. సారు మాత్రం ఖాసింబీ వైపు తిరిగి, “సావుకారు పాయింటు బాగుండాది” అన్నాడు.

“పాయింటు తాగుతారా సారూ?” అంది ఖాసింబీ.

సారు సావుకారునే పెన్ను అడిగి, తన పై ఆఫీసుకు ఉత్తరం రాశాడు. ‘యుద్ధము ముగిసినదో లేదో దయతో తెలుపగోరుచున్నాను’ అని. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. ‘తమరు ఏ యుద్ధమును గురించి అడుగుచున్నారో స్పష్టపరచవలెను.’ నేను ఆ కాగితాన్ని చించబోయాను. ఆయన నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మడత పెట్టి, “తప్పేముందప్పా? వాండ్ల బల్ల మీద శానా యుద్ధాలుంటాయి” అన్నాడు.

అట్లా నాలుగుసార్లు కూచున్నాం. గేటు దగ్గర ఆడవాళ్లు అట్లే ఉన్నారు. లోపల పత్తి గుట్టలు పడింది. సావుకారు ఈలోగా బజారులో నలుగురి ముందు, “కూలోళ్ల మాటకు కూత మార్చినానంటే మీసం తీసేసుకుంటా” అని శపథం కూడా చేసి వచ్చాడు. మిగతా మిల్లుల సావుకార్లు ఆ మీసం వైపే చూస్తున్నారు. ఐదోసారి కూచునే ముందురోజు సావుకారు కబురు పంపాడు, ఇంక ఆగనని. రేపటితో తేలకపోతే ఎల్లుండి పొద్దున తుగ్గలి వైపు నుంచి కరువు కూలీలు లారీలో దిగుతారని. అంటే ఖాసింబీవాళ్లకు నీళ్లూ లేవు, పనీ లేదు.

ఆ రోజు పొద్దున నేను టీ అంగడికి అందరికంటే ముందే పోయాను. సారు అప్పటికే వచ్చి ఉన్నాడు. అంగటి పొయ్యి ముందు గొంతుకూచుని, చల్లారిన బూడిదను పైపంచె కొసలో జల్లించి ఇత్తడి డబ్బీలో నింపుకుంటున్నాడు. ఎదురుగా మిల్లు మిద్దె మీద సావుకారు వేపపుల్లతో పళ్లు తోముకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇవతల ఆడవాళ్ల కొంపలు కూలుతుంటే ఈయనకు పోగులాట కావాల్సి వచ్చిందా అని నాకు చిరాకు వేసింది.

బల్ల మీద ఎవరి చోట్లలో వాళ్లం కూచున్నాం. సారు ఒక పోగు తీశాడు. ఒక కొస సావుకారుకు, ఇంకో కొస ఖాసింబీకి ఇచ్చాడు.

“గుంజండి” అన్నాడు.

ఇద్దరూ గుంజారు. పోగు పుటుక్కున తెగింది.

“తెంచేకి ఇద్దురూ బాగా కలిసినారు” అన్నాడు సారు. ఒక కొసను పళ్ల మధ్య పట్టుకుని, డబ్బీ మూత తీసి, వేళ్లకు బూడిద అద్దుకున్నాడు.

సావుకారు ఆ డబ్బీ వైపు చూశాడు. ఉన్నట్టుండి కాళ్ల చెప్పులు విడిచాడు. రెండు చేతులూ జోడించాడు.

“సారూ, ఇది మా ఇలవేల్పు ఉరుకుంద ఈరన్న స్వామి విభూతా?”

సారు జవాబు చెప్పలేదు. నోట్లో పోగు ఉంటే నేతపని చేసేవాడు మాట్లాడడు, మాట్లాడితే కొస జారిపోతుంది. ఆయన తల వంచుకుని మెలి తిప్పుతూనే ఉన్నాడు.

“స్వామీ!” అన్నాడు సావుకారు, గేటు దాకా వినబడేటంత గట్టిగా. చిటికెడు బూడిద తీసి నొసట పెట్టుకున్నాడు. “ఈరన్న విభూతి ముట్టినాక నాకింక పంతం పట్టే దారి ల్యా. కూలోళ్లు అడిగినారని కాదు, నా దేవునికి సెప్తాండా. రేపట్నించి ఐదున్నరకే కూత!”

గేటు దగ్గర బిందెలు మోగాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దేవుడూ లేడు, విభూతీ లేదు, టీ అంగటి పొయ్యిలో కాలిన చిల్లకంప బూడిద! పేటలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చిన నా ముందే ఇంత మోసమా? ఉన్న నిజాన్ని ఉన్నట్టు చెప్పేద్దామని నోరు తెరిచాను. లేవడానికి ఊపు కూడా తీసుకున్నాను.

ఖాసింబీ నా పంచె కొసను గట్టిగా పట్టుకుంది. నా వైపు చూడకుండానే, పెదవులు కదలకుండా అంది: “కుచ్చో అన్నా. నువ్వు లేస్తే సావుకారు పడ్తాడు.”

కూచున్నాను.

మరునాడు కూత ఐదున్నరకు కూసింది. ఆడవాళ్లు పేట వైపు పరుగెత్తిన పరుగు చూసి తీరాల్సిందే. ఆరింటికల్లా ఖాసింబీ బిందె కొళాయి కింద ఉంది. నీళ్ల శబ్దం వినడానికి మగవాళ్లం కూడా పనిలేకపోయినా పోయి నిలబడ్డాం.

అయినా నేను సారును వదల్లేదు. బస్టాండు దాకా వెంటబడి కడిగేశాను. “ఇది మోసం సారూ. పొయ్యి బూడిదను పట్టుకొని విభూతి అని నమ్మిచ్చినారు.”

“నేనేం సెప్పినానప్పా? నా నోట్లో పోగుండె కదా?”

“తీసి సెప్పొచ్చు కదా!”

“తీస్తే తెగిపోతాది” అని బస్సెక్కాడు. తన రిపోర్టులో మాత్రం ‘ఉభయపక్షములు సామరస్యముగా అంగీకరించినవి’ అని రాశాడట. బూడిద ఊసు లేదు.

తర్వాత కూడా ఆయన్ను అక్కడా ఇక్కడా కలుస్తూనే ఉన్నాను. ఒకసారి శ్రావణమాసంలో ఉరుకుంద బస్సులో, ముగ్గురి సీటులో నాలుగోవాడు కూచున్నాడని రెండు కుటుంబాలు జుట్లు పట్టుకోబోయాయి. సారు జేబులోంచి పోగు తీశాడు. కొట్లాట చూస్తున్న బస్సంతా ఆయన వేళ్లను చూడ్డం మొదలుపెట్టింది. ఆ వేళ్లలో ఏముందో కానీ, కొట్టుకునేవాళ్లు కూడా నడుమ ఆపి, “ఏం జేస్తాండావు పెద్దాయనా?” అని అడిగారు. ఆయన నన్ను చూసి కన్ను గీటాడు. నేను మొహం తిప్పుకున్నాను. కలిసిన ప్రతిసారీ మోసగాడనే అన్నాను. కానీ ఆ సంగతి ఒక్క ప్రాణికి చెప్పలేదు. చెబితే మళ్లీ ఆరున్నర కూత వస్తుందేమోనని భయం. మిల్లు మూతపడ్డాక కూడా నోరు కట్టుకునే ఉన్నాను. నా జన్మలో నేను దాచిన రహస్యం అదొక్కటే. దాచడం ఎంత కష్టమో నా లాంటి నోటిదురుసు మనిషికే తెలుస్తుంది.

మొన్న ఎమ్మిగనూరు పోయాను. ఆయన కూతురు, రిటైరైన టీచరమ్మ, నన్ను గుర్తుపట్టి కూచోబెట్టింది. ఇత్తడి డబ్బీ గూట్లోనే ఉంది. దాని పక్కన చిన్న చిన్న కాగితపు పొట్లాలు ఒక దొంతర.

“ఏందమ్మా అవి?”

“విభూతి సిన్నాయనా. ఆదోని సావుకారు బతికున్నన్నాళ్లూ ఏటా ఉరుకుందకు పోయొచ్చి మా నాయనకు పంపుతుండె.”

ఒక పొట్లం విప్పాను. లోపల సావుకారు చేతిరాత. ‘లేబరు సారుకు నమస్కారం. ఈసారైనా అసలుది వాడండి.’

కాగితాన్ని వెలుతురుకు పెట్టి మళ్లీ చదివాను.

“అంటే... సావుకారుకు తెల్సా?”

“తెలక యాడికి పోతాది? పొయ్యి కాడ బూడిద ఎత్తుకుంటాంటే మిద్దె మీద నుంచి సూసినాడంట. ఆయప్పకు గూడా పత్తి కుళ్లిపోతాండె, మీసం అడ్డమొచ్చె. ఏదో ఒగ సందు దొరికితే సాలని సూస్తాండెనంట. మా నాయనకు ఆయప్పే సెప్పి ఒగటే నవ్వు.”

“మరి ఈ పొట్లాలు వాడల్యా మీ నాయన?”

“అది మరీ మెత్తన. పోగు నిలబడదు, జారుతాది అంటుండె.”

“ఖాసింబీకి?”

“ఆయమ్మ ఆ పొద్దే కనిపెట్టిందంట. టీ అంగటాయనకు సరే, పొయ్యి ఆయప్పదే కదా. అందురికీ తెల్సు సిన్నాయనా.” ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వును దాస్తోందో ఏడుపును దాస్తోందో తెలియలేదు. “నీకు మాత్రం సెప్పొద్దనె మా నాయన. ‘పేపరప్ప జన్మకంతా ఒగ మాట కడుపులో పెట్టుకున్యాడు, అదీ పది మంది కోసరం. అది తనొక్కనికే తెల్సని మురిసిపోతాండాడు. నేనుండేవరకూ ఆ సంతోషం తీయొద్దమ్మా’ అనె.”

నేను లేచి నిలబడ్డాను. అరవాలని. ఎవరి మీద అరవను? సారు గుమాస్తా అని అచ్చయి పోయాడు. సావుకారు మీసంతో సహా ఎప్పుడో పోయాడు. ఖాసింబీ కూడా లేదు. డబ్బీ మూత తీసి చూశాను. అడుగున రవ్వంత బూడిద. వేళ్లకు అద్దుకుంటే గరుకుగా తగిలింది.

తిరుగు బస్సులో ఒక భారీ మనిషి నా పక్కనే కూచున్నాడు. దారిలో ఏదో ఊరు వస్తే దిగడానికి దిబ్బున లేచాడు. నేను రెండు చేతులతో ముందు సీటు కడ్డీ పట్టేసుకున్నాను.

“ఏం పెద్దాయనా, ఇంకా బ్రేకే ఎయ్యల్యా కదా?” అన్నాడు కండక్టరు.